క్రూజరు మీద మొదటి వెయ్యి కిలోమీటర్లు

మొత్తానికి కొనేశాను. రాయల్ ఎన్‌ఫీల్డ్ మీటియర్ 350. ఆన్-రోడ్ రెండున్నర లక్షల దగ్గర తేలింది. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ వరకూ ఉన్న బళ్ళ మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది, ఆ పైన ఉన్నవాటి మీద 40కి ఎక్కింది. దీని ఇంజను 349 సీసీ. గీతకి ఒక్క సీసీ ఇవతల ఒడ్డున పడ్డానన్నమాట :-)

నలభై దాటాక ఇదేం పోయేకాలం అని అమ్మ అడిగింది. ఆ డబ్బుతో సెకండ్ హ్యాండు కారు వచ్చేది కదరా అని కూడా అంది. దానికి నా దగ్గర సరైన జవాబు లేదు కాబట్టి ఆ సంగతి వదిలేద్దాం. అసలు గండం మా ఆవిడ దగ్గర. మా బావమరిది ఒక స్పోర్ట్స్ బండి మీంచి పడి, కాల్లో రాడ్డు వేయించుకుని ఎనిమిది నెలలు మంచం మీద ఉన్నాడు. అప్పట్నుంచి ఆవిడకి బైకు అనే మాటంటేనే పడదు. "ఇది వేరే రకం, ఇది మనిషిని నెమ్మదిగా వెళ్ళనిస్తుంది" అని చెప్పి ఒప్పించాను. చెప్పడమైతే చెప్పాను గానీ, అందులో నిజమెంత అని నాకూ అనుమానమే. ఈ నెలన్నరా నేను గమనించిందల్లా ముఖ్యంగా అదే.

క్రూజరంటే తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. సీటు కిందకి ఉంటుంది, హ్యాండిలు పైకి, మనవైపుకి ఉంటుంది, కాళ్ళు ముందుకి చాపుకుని కూర్చోవాలి. అమెరికా రోడ్ల కోసం పుట్టిన పద్ధతి. మన దగ్గర 2001లో బజాజ్ ఎలిమినేటరు, 2002లో ఎన్‌ఫీల్డ్ థండర్‌బర్డ్, 2005లో అవెంజరు వచ్చాయి. థండర్‌బర్డ్ స్థానంలో 2020 నవంబరులో వచ్చింది ఈ మీటియర్.

ఇహ నెమ్మది సంగతి. దీని బలం 20.2 హార్స్‌పవరు, బరువు 191 కిలోలు. మావాడు పడ్డ బండి 200 సీసీయే, అయినా దానికి ఇంతకన్నా ఎక్కువ హార్స్‌పవరు, బరువేమో నలభై కిలోలకి పైగా తక్కువ. ఇక్కడే తేడా అంతా ఉంది. దీని సిలిండరు వెడల్పు 72 మిల్లీమీటర్లు, పిస్టన్ కదిలే దూరం 85.8. అంటే సన్నగా పొడుగ్గా ఉండే రకం. ఇలాంటి ఇంజను తక్కువ తిప్పుళ్ళ దగ్గరే బాగా లాగుతుంది. 27 న్యూటన్ మీటర్ల టార్కు 4000 ఆర్పీఎం దగ్గరే అందుతుంది. పైకి తిప్పితే వచ్చేది ఎక్కువ చప్పుడు, కొంచెం వేగం, అంతే. నాలుగో గేరులో నలభై మీద వెళ్తూ యాక్సిలరేటరు తిప్పినా గునవకుండా లాగేస్తుంది. గేరు మార్చే పని తగ్గితే తొందరా తగ్గుతుందని నాకు ఇప్పుడే తెలిసింది.

రెండోది గాలి. నిటారుగా కూర్చుంటాం కాబట్టి గాలంతా ఛాతీ మీదే. గాలి అడ్డగింపు వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 80 నుంచి 100కి వెళ్తే వేగం పావు వంతే పెరుగుతుంది గానీ గాలి దెబ్బ ఒకటిన్నర రెట్లు దాటుతుంది. వంగి పడుకునే బండి మీద ఇది తెలీదు. దీని మీద ఎనభై ఐదు దాటగానే ఎవరో రొమ్ము మీద చెయ్యి వేసి ఆపుతున్నట్టుంటుంది. మా ఆవిడ చెయ్యి అనుకుంటే సరి.

అయితే మా ఆవిడకి చెప్పని ముక్క కూడా ఒకటుంది. నెమ్మదిగా వెళ్ళే బండి వేరు, తొందరగా ఆగే బండి వేరు. ఇద్దరం ఎక్కితే మొత్తం మూడు వందల కిలోలు పైమాటే. ముందు 300, వెనక 270 మిల్లీమీటర్ల డిస్కులు, రెండు చక్రాలకీ ఏబీఎస్, అన్నీ ఉన్నాయి. కానీ లారీ వెనక దూరం పాటించకపోతే ఏ డిస్కూ కాపాడదు. పైగా "నెమ్మదిగానే వెళ్తున్నాం కదా" అన్న ధీమా ఒకటి వస్తుంది చూశారూ, అది వేగం కన్నా ప్రమాదం. రోజూ ఒకసారైనా ఆ ధీమాని నెత్తి మీద మొట్టాల్సి వస్తోంది.

సుఖం గురించి కూడా చెప్పుకోవాలి. కాళ్ళు ముందుకి ఉండటం వల్ల మన బరువంతా నడుం కిందే పడుతుంది. మామూలు బండి మీద గుంత రాగానే ఫుట్‌రెస్టుల మీద కొంచెం పైకి లేస్తాం. ఇక్కడ అది కుదరదు. క్రూజర్లన్నిటికీ ఉన్న తీరే ఇది. కాబట్టి మియాపూర్ నుంచి గచ్చిబౌలి వెళ్ళే దారిలో ప్రతి స్పీడు బ్రేకరూ నా వెన్నుపూసకి పేరుపేరునా పరిచయం అయ్యింది. ఆఫీసుకి రోజూ వేసుకెళ్దామనుకుంటే మాత్రం కొనకండి. సందుల్లో యూ టర్నులకీ పొడుగు ఎక్కువే. సీటు 765 మిల్లీమీటర్ల ఎత్తే కాబట్టి ట్రాఫిక్‌లో రెండు కాళ్ళూ నిండుగా ఆనతాయి, అదొక్కటే ఊరట.

అందరూ అడిగే ప్రశ్న: "ఆ డుగుడుగు ఏదీ?" పాత బుల్లెట్టు అలా ఊగిపోయేది ఎందుకంటే పిస్టన్ ఒక్కటే పైకీ కిందకీ కొట్టుకుంటుంది, దానికి ఎదురు బరువు లేదు. ఇందులో బ్యాలెన్సరు షాఫ్టు అని ఒకటి పెట్టారు. క్రాంకుకి ఎదురు దిశలో తిరుగుతూ ఆ కుదుపుని చాలావరకు మింగేస్తుంది. నా మటుకు నాకు ఇదే బాగుంది. మా కింది ఫ్లాటు కుర్రాడు "అంకుల్, ఐదు వేలకి సైలెన్సరు మార్పించేద్దాం" అన్నాడు. పొద్దున్నే ఆరింటికి అపార్టుమెంటు మొత్తాన్నీ నిద్రలేపే హక్కు నాకెవరిచ్చారు బాబూ? అలాంటి సైలెన్సర్లని పోలీసులు రోడ్డు రోలరు కింద తొక్కించిన వార్తలు చూస్తే నాకు పండగలా ఉంటుంది.

బావమరిది ఓ రౌండు వేసొచ్చి, "బావా, ఇది బండి కాదు, సోఫా" అన్నాడు. తిట్టాడో మెచ్చుకున్నాడో తెలీదు గానీ, వాళ్ళక్క మొహం కొంచెం విప్పారింది.

500 దగ్గర మొదటి సర్వీసు అయ్యాక, ఒక ఆదివారం ఆవిడే "ఎక్కడికైనా వెళ్దామా" అంది. ఔటర్ రింగు రోడ్డు మీదకి టూవీలర్లని రానివ్వరు, అదీ మంచిదే. చేవెళ్ళ మీదుగా అనంతగిరి వెళ్ళాం. ఆ బీజాపూర్ రోడ్డు పొడుగునా మర్రిచెట్లు. వాటిని ఉంచాలా, రోడ్డు వెడల్పు చెయ్యాలా అని ఏళ్ళ తరబడి కోర్టుల్లో గొడవ నడిచింది. ఇరుకు రోడ్డు, ఎదురుగా బస్సులు, అరవై దాటే వీల్లేదు. ఈ బండికి కావలసిందీ సరిగ్గా అంతే. చెట్ల నీడలో అరవై మీద, ఐదో గేరులో, ఇంజను తన మానాన తను పోతుంటే ముందున్న నాకు వెనక ఆవిడ మాటలు స్పష్టంగా వినపడ్డాయి. హెల్మెట్లు పెట్టుకునే, ఇద్దరం.

తిరిగొచ్చాక సీటు గురించి రెండు ఫిర్యాదులు చేసింది. వెనక ఆనుకోవడానికి ఇంకొంచెం పెద్దది కావాలట, పట్టుకోవడానికి ఇంకేదైనా కావాలట. మొదటిదానికి ఆర్డరు పెట్టాను. వచ్చే నెల శ్రీశైలం అనుకుంటున్నాం. మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి తొమ్మిదికి మూసేస్తారు కాబట్టి చీకటి పడకముందే అడవి దాటేయాలని ఆవిడ షరతు.