ఎరుపు నిలవాలంటే

15 నానోమీటర్ల రేణువుల స్థాయికి దిగిన బంగారం పచ్చగా ఉండదు. మరుగుతున్న గోల్డ్ క్లోరైడ్ ద్రావణంలో సోడియం సిట్రేట్ పోస్తే ముందు ఆ లేత పసుపు పూర్తిగా పోతుంది. తర్వాత బూడిద రంగు, ముదురు నీలం, దాని వెనకే దానిమ్మ గింజ ఎరుపు. అంతా కొద్ది నిమిషాల్లో జరిగిపోతుంది. టర్కెవిచ్ బృందం 1951లో వివరించిన పద్ధతి ఇది. ఎన్నిసార్లు చేసినా, నీలం ఎరుపులోకి తిరిగేటప్పుడు నా కన్ను ఫ్లాస్కు మీంచి కదలదు.

రేణువులోని స్వేచ్ఛా ఎలక్ట్రాన్లన్నీ కాంతితో పాటు ఒక్కుమ్మడిగా ఊగడం వల్ల వచ్చే రంగు అది. 520 నానోమీటర్ల దగ్గర ఆకుపచ్చ కాంతిని రేణువు మింగేస్తుంది, ఎరుపును వదిలేస్తుంది. 1908లో గుస్టావ్ మీ ఈ లెక్కంతా కట్టి చూపించాడు.

ఈ ఎరుపును సీసాలో నీళ్లుగా కాక, గాజులాంటి పారదర్శకమైన ఘనపదార్థంలో నిలపడమే మా పని. అందుకు సిలికా జెల్ కన్నా అనువైనది లేదు. టీఈఓఎస్ అనే సిలికాన్ సమ్మేళనం, ఇథనాల్, నీళ్లు, చుక్క ఆమ్లం కలిపితే సిలికాన్, ఆక్సిజన్ గొలుసులు అల్లుకుంటూ పోయి ద్రవం మెల్లగా గడ్డకడుతుంది. కొలిమి అక్కర్లేదు. కానీ సిట్రేట్ బంగారాన్ని ఆ ఆమ్ల ద్రవంలో నేరుగా పోస్తే ఎరుపు కళ్లముందే ఊదాగా, నీలంగా మారిపోతుంది. కాసేపటికి అడుగున నల్లటి మడ్డి. రేణువుల్ని ఒకదాన్నుంచి ఒకటి దూరంగా నెట్టేది సిట్రేట్ ఇచ్చిన రుణావేశం. ఆమ్లం ఆ ఆవేశాన్ని చల్లార్చేస్తుంది, రేణువులు గుంపు కడతాయి. పక్కపక్కన చేరిన రేణువుల ఎలక్ట్రాన్లు ఒకదాని ఊపును మరొకటి లాగుతాయి కాబట్టి మింగే కాంతి ఎరుపు వైపు జరుగుతుంది, మనకు నీలం కనిపిస్తుంది.

నేను పరిశోధన మొదలుపెట్టిన రోజుల్లో మా గైడ్ మేడం అన్న మాట నాకీ పనిలో మొదటి పాఠం. "జెల్ సంగతి తర్వాత చూద్దువుగానీ, రేణువు పక్కన ఏముందో ముందు చూడమ్మా" అన్నారు. ఆ మాట పట్టుకుని వెనక్కి వెళ్తే ఫారడే కనిపించాడు. 1857లో, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు ఊహకైనా లేని రోజుల్లో, ఆయన కెంపు రంగు బంగారు ద్రవం చేసి, ఉప్పు వేస్తే అది నీలంగా మారడం చూశాడు. రంగు మారినా ఉన్నది బంగారమేనని, తేడా అంతా రేణువుల స్థితిలోనే ఉందని గ్రహించాడు. జెలటిన్ ముందే కలిపి ఉంచితే ఉప్పు పప్పులు ఉడకవనీ గమనించాడు. అంటే రేణువును కాపాడే మార్గం కూడా అక్కడే ఉంది. ఇంత చూపు ఆ మనిషికి ఎలా వచ్చిందా అని నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

సిలికా విషయంలో ఆ మార్గాన్ని లిజ్-మర్జాన్, గియర్సిగ్, ముల్వేనీ 1996లో చూపారు. మామూలుగా బంగారానికీ సిలికాకూ పొత్తు కుదరదు. సిలికా అంటుకోవడానికి బంగారం మీద ఆక్సైడ్ పొర ఉండదు కదా! అందుకని ముందు అమైనోసిలేన్ పూస్తారు. అందులోని అమైన్ కొస బంగారాన్ని పట్టుకుంటుంది, సిలేన్ కొస బయటికి తిరిగి ఉంటుంది. దాని మీద సోడియం సిలికేట్‌తో సన్నటి పొర వేసి, ఆ తర్వాత ఇథనాల్‌లో అమ్మోనియా, టీఈఓఎస్ కలిపి ఆ పొరను కావలసినంత మందం చేస్తారు. ఇలా తొడుగు వేసుకున్న రేణువుల్ని జెల్‌లో కలిపితే ఎరుపు చెక్కుచెదరదు. సిలికా వక్రీభవన గుణకం నీళ్లకన్నా ఎక్కువ కాబట్టి కాంతిని మింగే శిఖరం కొద్ది నానోమీటర్లు జరుగుతుంది, అంతే.

అసలు పరీక్ష ఆరబెట్టడంలో ఉంది. జెల్ ఆరేకొద్దీ దాని ఘనపరిమాణం ఐదో వంతుకో పదో వంతుకో పడిపోతుంది. సన్నటి రంధ్రాల్లోంచి ద్రవం వెనక్కి తగ్గేటప్పుడు గోడల్ని లోపలికి లాగుతుంది. తొందరపెడితే జెల్ ముక్కలుముక్కలుగా పగులుతుంది. అందుకే జెల్ ఉన్న క్యూవెట్ మూతికి పారాఫిల్మ్ బిగించి, సూదితో రెండు మూడు చిల్లులు పొడిచి వదిలేస్తాం. జెల్ అంత కుంచించుకుపోతున్నా, 15 నానోమీటర్ల పొర ఉన్న రెండు రేణువుల బంగారం మధ్య కనీసం 30 నానోమీటర్ల ఎడం మిగులుతుంది. రేణువు వ్యాసానికి అది రెట్టింపు. ఆ దూరంలో ఒకదాని ఊపు మరొకదానికి పెద్దగా అందదు. రంగును కాపాడుతున్నది జెల్ కాదు, ఆ ఎడమేనని నాకు గట్టిగా నమ్మకం కుదిరింది ఇక్కడే.

అదే పొరను పలచగా వేస్తే? ఇలాంటి రేణువులతో పేర్చిన పొరల మీద ఉంగ్, లిజ్-మర్జాన్, ముల్వేనీ 2001లో ఆ పని చేశారు. తొడుగు పలచబడేకొద్దీ ఎరుపు నీలం వైపు నడిచింది. మా ల్యాబ్ విద్యార్థులు ఇప్పుడు జెల్‌లో అదే వరస మొదలుపెట్టారు. ఒక్కో మందానికి ఒక్కో క్యూవెట్ పెట్టి, ఏ ఎడం దగ్గర ఎరుపులోకి ఊదా దిగుతుందో స్పెక్ట్రోమీటర్‌తో కొలుస్తున్నారు.