తమ్ముడి జుట్టు

మా తమ్ముడు భుజాల దాకా జుట్టు పెంచాడు. చివర్లు కాస్త సరిచేయించుకోవడానికి కరీంనగర్‌లో నాలుగు కటింగ్ షాపులు తిరిగాడు. అందరి చేతిలో మిషిన్, మనసులో ఒకటే నమూనా. ఒకాయన మాత్రం ఉన్నమాట చెప్పాడు: "నేను జేస్త గని, రేపు మీ నాయినొచ్చి నాతోని లొల్లి పెట్టుకుంటడు." బ్యూటీ పార్లర్ తలుపు మీద 'స్త్రీలకు మాత్రమే' అని ఉంది. ఉద్యోగానికి ఆదిలాబాద్ వెళ్తే అక్కడా అదే వరస. చివరికి పెరట్లో పీట వేసి నేనే కత్తిరించాను.

నేను జడ తీయించుకున్నప్పుడు ఇంట్లో అడిగింది "ఎవర్నడిగి?" అని. వాణ్ణి అడిగేది "ఆడదానివా?" అని. రెండు ప్రశ్నలకూ వేరు ఒకటే. రెండోదాంట్లో తిట్టు తగిలేది మాత్రం మనకే.

మంగలిని తప్పుపట్టలేను. ఎవరి తల ఎలా ఉండాలో తరాలుగా పెద్దకులాలే చెప్పాయి. కత్తి మాత్రం అతనిది. బ్రాహ్మణ వితంతువుల తలలు గొరిగించిందీ ఆ పెత్తనమే. అతనింటి స్త్రీ మంత్రసానిగా ఊరి కాన్పులన్నీ చేసినా ఆ విద్యకు గౌరవం దక్కలేదు. 2021లో రాష్ట్ర ప్రభుత్వం ఈ షాపులకు నెలకు 250 యూనిట్ల ఉచిత కరెంటు ప్రకటించింది. బిల్లు భయం తగ్గి ఉండొచ్చు, ఊరి భయం తగ్గలేదు.

వేములవాడ రాజన్న గుడిలో ఆడా మగా తలనీలాలిస్తారు. ఎవరూ ఏమీ అడగరు. జుట్టు ఇచ్చేయడానికి అనుమతి అక్కర్లేదు. ఉంచుకోవడానికే కావాలి.