కారు షెడ్డు

1991లో మారుతి 800 కొన్నాను. జయనగరంలో మాది 40కి 60 స్థలం. వెనక మూలన, ఇంటికి అంటకుండా, కారుకు షెడ్డు వేయించాను. బండి వెడల్పు అయిదడుగుల లోపే. షెడ్డుకు 10 అడుగులు పెట్టించాను, తలుపు తీసుకుని దిగాలి కదా!

మేస్త్రీది పాలమూరు. గోడలు లేచి రేకులు పడగానే పెళ్లాం బిడ్డలతో అందులోనే కాపురం పెట్టాడు. బెంగుళూరులో ఇది మామూలే. కట్టేవాళ్లు కడుతున్నదాంట్లోనే ఉంటారు, పని అయిపోగానే మరోచోటికి.

మా పిల్లలు కన్నడం, ఇంగ్లీషు తప్ప మాట్లాడరు. అమ్మకు కడుపునిండా తెలుగు దొరికింది ఆ రెండు నెలలే. మేస్త్రీ కూతురిని పక్కన కూర్చోబెట్టుకుని పలక మీద అక్షరాలు దిద్దించేది. మా పిల్లలకు ఆ పని చెయ్యాలని నాకెప్పుడూ తోచలేదు.

గచ్చు ఆరింది. "ఇంకో నెల ఉండనియ్యి సారూ" అన్నాడు మేస్త్రీ. బండి వీధిలో ఎండుతోందని నేను ఒప్పుకోలేదు. మర్నాడే సామాను కట్టుకున్నారు.

"క గుణింతం సగంలో ఆగిపోయిందిరా" అంది అమ్మ. మరేమీ అనలేదు.

ఆ మారుతి ఎప్పుడో అమ్మేశాను. అమ్మా లేదు. ఇప్పటి కారు ఆ గుమ్మంలో పట్టదు, వీధిలోనే ఎండుతోంది. షెడ్డులో పాత కాగితాలున్నాయి, ఆ పలక ఉంది.