చెకుముకి కొండల సీమ

ఉత్తర అమెరికా ఖండమధ్యమున, కాన్సాస్ రాష్ట్రపు ఉత్తరభాగము మొదలుకొని దక్షిణమున ఓక్లహోమా రాష్ట్రము దాక నిడుపుగా సాగిపోవు మెట్టల వరుసకు ఫ్లింట్ హిల్స్, అనగా చెకుముకి కొండలు, అని పేరు. 1806వ సంవత్సరమున ఈ దారిని పోయిన జెబులాన్ పైక్ అను సైనికాధికారి తన దినచర్యయందు ఈ రాళ్ల కరకుదనమును గూర్చి వ్రాసికొన్నది మొదలు ఆ పేరే స్థిరపడినది. ఆకాశమునంటు శిఖరములు గాని, ఘోషించు జలపాతములు గాని ఇచ్చట లేవు. ఋతువునుబట్టి చీలమండ లోతు మొదలు మనిషెత్తు దాక పెరుగు పచ్చిక, దాని నడుమ తొంగిచూచు తెల్లని సున్నపురాతి అంచులు, పల్లములందు వాగుల వెంబడి మాత్రమే చెట్లు, ఎడతెగని గాలి, ఇంతియే ఈ సీమ సంపద. అయినను, మరెచ్చటను ఇంత మేర మిగిలియుండని ఒక ప్రాచీన ప్రకృతివ్యవస్థ ఈ నిరాడంబరమైన కొండలమీదనే ప్రాణముతో నిలిచియున్నది.

పొడుగుగడ్డి ప్రెయిరీ యని పిలువబడు ఆ పచ్చికసీమ ఒకప్పుడు కెనడా మొదలు టెక్సాస్ దాక సుమారు 17 కోట్ల ఎకరముల మేర వ్యాపించియుండెను. 1837లో జాన్ డీర్ అను కమ్మరి ఇల్లినాయి రాష్ట్రమున ఉక్కు నాగలిని తయారుచేసిన పిదప, కొలదితరములలోనే, ఆ సారవంతమైన నల్లనేల దాదాపు అంతయు దున్నబడి పంటపొలములుగా మారిపోయినది. నేడు మిగిలిన పచ్చిక నూటికి నాలుగు పాళ్లకు మించదు. అందులో అధికభాగము ఈ కొండలపైననే కలదు. పెర్మియన్ యుగమున సముద్రగర్భమున పేరుకొన్న సున్నపురాయి వానకు కరగి అరిగిపోవును గాని, దానిలో పొదుగబడిన చెకుముకిరాయి అంత సులభముగా అరగదు. కొండవాలులందు పలుచని మట్టి మాటున పరచుకొనియున్న ఈ రాళ్లకు తాకి నాగలి వెనుదిరిగినందుననే పచ్చిక బ్రతికినది.

అయితే రాయి ఒక్కటియే ఈ పచ్చికను కాపాడినదనుట సగము సత్యము. ఏటికి సుమారు 835 మిల్లీమీటర్ల వాన కురియు నేల చెట్లకును చాలినదే. నిప్పు తగులక విడిచిపెట్టబడిన పచ్చికలోనికి ఎర్ర సెడార్ మొక్కలు ప్రవేశించి, 40 సంవత్సరములకే దానిని సూర్యరశ్మి చొరని అడవిగా మార్చివేయగలవని శాస్త్రజ్ఞులు గమనించిరి. చెట్టు ప్రాణము కొమ్మ చివర నుండుటచే మంటకు లోబడును. బిగ్ బ్లూస్టెమ్ వంటి పొడుగుగడ్డికి చిగురుమొగ్గలు శీతకాలమున మట్టి మాటున భద్రముగా నుండుటచే, నిప్పు పైనున్న ఎండుటాకును మాత్రమే హరించి, క్రిందనున్న జీవమునకు వెలుతురు దారి తీయును. పిడుగుల వలన పుట్టిన మంటలు కొన్ని. బుద్ధిపూర్వకముగా మనుజులు పెట్టినవి మఱికొన్ని. క్రొత్తచిగురుకు అడవిదున్నలు వచ్చునని యెరిగి కాన్సా, ఓసేజ్ జాతులవారు తరతరములుగా ఈ కొండలకు నిప్పు పెట్టుచుండిరి. 1873లో కాన్సా జాతిని ఈ సీమనుండి తరలించి దక్షిణమునకు పంపివేసిరి. అదే సంవత్సరమున కాటన్‌వుడ్ ఫాల్స్ అను చిన్న పట్టణమున, ఈ కొండల సున్నపురాతితోనే కట్టిన న్యాయస్థాన భవనము లేచినది. ఆ జాతి వెడలిపోయినను వారి నిప్పు నిలిచిపోయినది. పశువులను మేపు క్రొత్త యజమానులు సయితము ఆ ఆచారమునే కైకొనిరి.

నేటికిని మార్చి మాసాంతము మొదలు ఏప్రిల్ నడిమి దాక ఈ కొండలు మండుచుండును. బీడు యజమాని మొదట గాలి దిక్కును, వేగమును, తేమను విచారించి, తగలబెట్టబోవుచున్న సంగతిని జిల్లా అధికారులకు ఫోనులో తెలియజేయును. పిమ్మట, బొట్టుబొట్టుగా మండుచు జారు నూనెడబ్బాను చేతబూని, గాలి పోవుచున్న వైపు అంచున ముందుగా నిప్పు పెట్టును. ఆ మంట గాలికి ఎదురుగా ప్రాకవలసి వచ్చుటచే అడుగడుగునకు తడబడుచు, వెనుక నల్లని పట్టీని విడుచుచు మెల్లగా సాగును. నీళ్లతొట్టి కట్టిన బండితో మనుష్యులు దాని వెంట నడచి గట్టు దాటనీయక కాపాడుదురు. ఆ పట్టీ చాలినంత వెడల్పైన పిదప ప్రక్కలను, కట్టకడపట గాలి వచ్చువైపును అంటించినంతనే, మంట మనిషెత్తు లేచి, ఎండుగడ్డి చిటపట శబ్దముతో కొండవాలును దాటిపోయి, ముందుగా కాలిన నలుపును చేరి చల్లారును. కొలది దినములలోనే ఆ నల్లని నేలలో పచ్చని మొలక పొడసూపును. అట్టి మేత తిన్న కోడెలు ఎక్కువ బరువెక్కునన్నది ఇచ్చటివారి అనుభవము, విశ్వవిద్యాలయపు పరిశోధనయు దానినే ధ్రువపరచినది. ఆ పొగ దూరమునకు వ్యాపించి కాన్సాస్ సిటీ, విచిటా నగరముల గాలిని కలుషితము చేయుచున్నదని ఫిర్యాదులు రాగా, 2010లో రాష్ట్రప్రభుత్వము పొగనియంత్రణకొక ప్రణాళికను రూపొందించెను.

పశువును, పచ్చికను, పొగను గూర్చి విచారించువారు పెక్కురు కలరు. ఆ నల్లని నేలపై రాత్రివేళ సంచరించు నేల పెంకుపురుగులను గూర్చి విచారించువారు కొలదిమందియే. కెరాబిడే యను వీని కుటుంబమున ప్రపంచమునందు దాదాపు 40 వేల జాతులు కలవు. గొంగళిపురుగులను, నత్తలను, ఇతర కీటకముల గ్రుడ్లను ఇవి వేటాడును. హార్పాలస్ వంటి కొన్ని, గడ్డివిత్తులను కొరికి తినును. ఈ సీమలో కానవచ్చు పాసిమాకస్ ఎలాంగేటస్ అను జాతిని ఒక రాతి క్రింద చూచినచో, నిగనిగలాడు నల్లని దేహము, దాని అంచుల వెంట ఊదాకలిసిన నీలిగీత, ముందునకు చాచిన బలమైన దవడలు, మట్టి త్రవ్వుటకు పారలవలె వెడల్పైన ముంగాళ్లు స్పష్టముగా కానవచ్చును. వెన్నుమీది పెంకు బలిష్ఠమే గాని ఎగురుశక్తి దీనికి లేదు. ఎచ్చటికి పోవలసినను నడచియే పోవలెను. ఈ చిన్న విషయముననే నిప్పు కథ యంతయు ఇమిడియున్నది.

గడ్డిమంట ఒకచోట నిలువక వేగముగా దాటిపోవును. మట్టి ఉష్ణమును లోనికి సులభముగా పోనీయదు. కావున కొలది అంగుళముల లోతున లార్వా దశలో నున్నదియు, బొరియలో నిద్రించు ప్రౌఢకీటకమును తరచు సురక్షితముగా బయటపడును. ఎండుటాకుల పొరలో దాగియున్నవి మాత్రము నశించును. అసలు పరీక్ష మంట చల్లారిన పిమ్మటనే ఆరంభమగును. నీడయు, తేమయు నిచ్చు ఎండుటాకు పోయి, నేల ఎండకును, గాలికిని, పక్షుల కంటికిని బయటపడగా, తేమను కోరు జాతులు తగ్గును. ఎండనేలను, విత్తులను కోరు జాతులు పెరుగును. రెక్కలున్నవి త్వరలోనే తిరిగివచ్చును; రెక్కలు లేనివి, చేరువలో కాలని పచ్చిక మిగిలియున్ననే, అడుగడుగుగా నడచి చేరును. వసంతమున పెట్టిన మంట అప్పుడే వెలుపలికి వచ్చి జతకూడు జాతులను బాధించును. శరత్కాలపు మంట బాధించునవి వేరు. కనుక నిప్పు పురుగులకు మేలా కీడా యని ఒక్కమాటలో అడుగుట తగదు. ఏ ఋతువున, ఎన్నేండ్లకొకసారి, ఎంత మేర యని అడుగవలెను.

వీనిని లెక్కించు పద్ధతి సులభమైనది: ఒక గిన్నెను దాని అంచు నేలమట్టమునకు సరిపోవునట్లు పాతిపెట్టినచో, రాత్రి నడచిపోవు పురుగు అందు పడును. అయితే గడ్డి కాలిపోయిన నేలమీద నడక సుకరమగుటచే, ఉన్న పురుగులే ఎక్కువగా పడవచ్చును. గిన్నె నిండినంతమాత్రమున సంతతి పెరిగినదని తలపరాదు. వివేకముగల పరిశోధకులు సంఖ్యతో తృప్తిపడక, ఏయే జాతులు పడినవో, ఏయే జాతులు కనబడుట మానినవో విచారింతురు.

ఇట్టి విచారణకు అనువైన చోటు ఈ సీమలోనే కలదు. మాన్‌హాటన్ అను పట్టణమునకు దక్షిణమున, లాయిడ్ హల్బర్ట్ అను వృక్షశాస్త్రజ్ఞుని పూనికతో, 1971లో కాన్సా ప్రెయిరీ పరిశోధనక్షేత్రము ఏర్పడినది. సుమారు 3,487 హెక్టార్ల ఆ భూమిని వాగుల పరీవాహములుగా విభజించి, కొన్నిటిని ఏటేట, కొన్నిటిని రెండేండ్లకు, కొన్నిటిని నాలుగేండ్లకు, మఱికొన్నిటిని 20 ఏండ్లకు ఒకమారు తగలబెట్టుచు, దశాబ్దములుగా ఫలితములను వ్రాసికొనుచున్నారు. 1987లో అడవిదున్నలను తిరిగి తెచ్చి విడిచిరి. మంటల నడుమ మూడు నాలుగేండ్ల ఎడమిచ్చిన చోట్ల పొదలు క్రమముగా ఆక్రమించునని అచ్చట తేలినది. ఏటేట తగలబెట్టినచో గడ్డి బలపడును గాని, పూలమొక్కల వైవిధ్యము సన్నగిల్లును. ఎండుటాకు పొర పేరుకొనుటకు వ్యవధియే ఉండదు.

ఈ చిక్కునకు 2001లో ఓక్లహోమా రాష్ట్ర విశ్వవిద్యాలయ (ఓక్లహోమా స్టేట్ యూనివర్సిటీ) శాస్త్రజ్ఞులు ఫ్యూలెన్‌డార్ఫ్, ఎంగిల్ ఒక మార్గము సూచించిరి. బీడునంతను ఒకేమారు కాల్చక, ఏటికొక భాగము చొప్పున కాల్చుట. పశువులు తమంతట తామే ఆ క్రొత్తచిగురుకు చేరును. తక్కిన భాగములు ఊపిరి తీసుకొనును. నగ్నమైన నేల, నడిమెత్తు పచ్చిక, ఎండుటాకుతో దట్టమైన పచ్చిక ఒకే బీడున ప్రక్కప్రక్కనే యుండును. ప్రెయిరీ కోడి అట్టి బోసినేలపై నాట్యమాడి, దట్టమైన గడ్డిలో గూడు కట్టును. రెక్కలు లేని పురుగునకు నడిచి చేరదగిన శరణము దొరకును.

ఈ సీమను చూడగోరువారికి, 1996లో ఏర్పడిన 10,894 ఎకరముల జాతీయ ప్రెయిరీ రక్షితభూమి స్ట్రాంగ్ సిటీ చేరువనే కలదు. నిప్పును నిషేధించినవారు ఈ పచ్చికను అడవికి అప్పగింతురు. ఏటేట సీమనంతను కాల్చువారు దానిని పశువుల మేతగా మాత్రమే మిగుల్తురు. కాల్చుడు, కాని ప్రతి ఏటను కొంత కాల్చక విడువుడు. విడిచిన భాగము, నడచివచ్చు పురుగునకు అందునంత చేరువలో ఉండనిండు. ఈ కొండలను ఏలువారికి ఇంతకు మించిన ధర్మము లేదు.