చిన్న మోతాదే కదా, ఇంకెన్నాళ్లు?

పదవీ విరమణ చేసిన తరువాత కూడా నా వద్దకు సలహా కోసం వచ్చేవారు తరచుగా అడిగే ప్రశ్నలలో ఇది ఒకటి: "డాక్టరు గారూ, మా అబ్బాయి రాత్రిపూట ఒకే ఒక చిన్న మాత్ర వేసుకుంటున్నాడు. రెండేళ్లయింది. ఇప్పుడు అంతా సవ్యంగానే ఉంది. ఇంకెన్నాళ్లు వేసుకోవాలి?" రక్తపోటు మాత్రల విషయంలోనూ, మధుమేహం మాత్రల విషయంలోనూ ఇదే ప్రశ్న వస్తుంది. కాని ఆ మాత్ర మనసుకు సంబంధించినదైతే అడిగేవారి గొంతు తగ్గిపోతుంది. గదిలో ఇంకెవరైనా ఉన్నారేమోనని ఒకసారి వెనుదిరిగి చూస్తారు.

దీనికి సమాధానం చెప్పే ముందు నేను చేసిన ఒక తప్పును చెప్పుకోవాలి. ఇందుకు మా తమ్ముడి అనుమతి తీసుకున్నాను. "నా పేరు రాయకు అన్నయ్యా, మిగతాదంతా రాయి" అన్నాడు.

తమ్ముడికి ఇరవై నాలుగేళ్ల వయసులో మనోవ్యాధి వచ్చింది. వీధిలో పోయేవారు తన గురించే మాట్లాడుకుంటున్నారనీ, అన్నంలో ఏదో కలుపుతున్నారనీ అనుమానించాడు. ఎవరూ లేని చోట మాటలు వినిపించేవి. రాత్రులు నిద్ర లేదు. మొదట అమ్మ తాయెత్తు కట్టించింది. నేను అప్పటికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వైద్యుడిని. వైద్య కళాశాలలో మనోవ్యాధుల విభాగంలో గడిపింది రెండు వారాలు మాత్రమే. ఆలస్యంగానైనా మానసిక వైద్యుని వద్దకు తీసుకువెళ్లాము. ట్రైఫ్లూపెరజిన్ అనే మందు మొదలుపెట్టారు. మూడు నెలల్లో మనిషి మనిషయ్యాడు. ఆరు నెలలకు ఉద్యోగంలో తిరిగి చేరాడు. మోతాదు క్రమంగా తగ్గించి, రోజుకు ఒక మాత్రకు తెచ్చారు.

ఏడాదిన్నర గడిచింది. మంచి సంబంధం వచ్చింది. అమ్మ ఒక సాయంత్రం నన్ను పెరట్లోకి పిలిచి, "ఒరేయ్ నాయనా, వాడు బాగానే ఉన్నాడు కదరా. ఆ మాత్ర రేపు ఆ పిల్ల కంట పడితే ఏమని చెప్పుకుంటాం? నువ్వూ డాక్టరువే కదా, మాన్పించు" అన్నది. మానసిక వైద్యుని అడగాలని నాకు తోచకపోలేదు. అడిగితే ఆయన వద్దంటారని కూడా తెలుసు. అందుకే అడగలేదు. "చిన్న మోతాదే కదా, మానేసినా ఏమీ కాదులే" అని తమ్ముడితో చెప్పాను. ఆ రాత్రి నుంచే మానేశాడు.

మొదటి రెండు నెలలు నిజంగానే ఏమీ కాలేదు. పైగా మునుపటికంటె చురుకుగా ఉన్నాడు, చేతి వణుకు తగ్గింది. నా నిర్ణయం సరైనదేనని సంతోషించాను. మూడవ నెలలో నిద్ర తగ్గింది. పెళ్లి పనుల హడావిడి అనుకున్నాము. ముహూర్తం రెండు వారాలు ఉందనగా, శుభలేఖలు పంచిన తరువాత, వ్యాధి తిరగబెట్టింది. ఈసారి మొదటిసారి కంటె తీవ్రంగా వచ్చింది. ఆరు వారాలు ఆసుపత్రిలో ఉన్నాడు. పెళ్లి ఆగిపోయింది. ఆ అమ్మాయి తండ్రి మా ఇంటికి వచ్చి అరవలేదు, తిట్టలేదు. "ముందే ఒక్క మాట చెప్పి ఉండవలసింది డాక్టరు గారూ" అని మాత్రం అన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ వినిపిస్తూనే ఉంటుంది.

మందు ఏమి చేస్తుంది?

ఈ వర్గంలో మొదటి మందు క్లోర్‌ప్రోమజిన్. 1952లో పారిస్‌లో డిలే, డెనికర్ అనే వైద్యులు దీనిని మానసిక రోగులలో వాడి ఫలితాలు ప్రకటించారు. తరువాత హాలోపెరిడాల్, ఆ పిమ్మట రిస్పెరిడోన్, ఒలాంజపిన్, క్వెటియాపిన్, అరిపిప్రజోల్ వంటివి వచ్చాయి. మెదడులో డోపమైన్ అనే రసాయనం తన సందేశాన్ని కొన్ని గ్రాహకాల ద్వారా అందజేస్తుంది. ఈ మందులలో చాలా భాగం ఆ గ్రాహకాలను అడ్డుకుని, భ్రమలను, భ్రాంతులను అదుపులో ఉంచుతాయి. అదుపులో ఉంచడం వేరు, మూలాన్ని పెరికివేయడం వేరు. మందు ఆపిన మరునాడే వ్యాధి రాదు. వారాలకో నెలలకో వస్తుంది. ఆ వ్యవధే నన్ను మోసగించింది.

2012లో లాన్సెట్ పత్రికలో 65 పరిశోధనలను కలిపి చేసిన విశ్లేషణ వెలువడింది. స్కిట్జోఫ్రీనియా వ్యాధి అదుపులోకి వచ్చిన తరువాత మందు కొనసాగించినవారిలో ఏడాది లోపల 27 శాతం మందికి, మందు ఆపి ఉత్తుత్తి మాత్రలు వేసుకున్నవారిలో 64 శాతం మందికి వ్యాధి తిరగబెట్టింది. ఈ అంకెలను రెండు వైపుల నుంచీ చదవాలి. మందు వాడినా కొందరికి తిరగబెట్టింది. ఆపినా ఆ ఏడాదిలో కొందరికి తిరగబెట్టలేదు. ఆ కొందరు ఎవరో ముందుగా చెప్పగల పరీక్ష ఏదీ నేటికీ మన చేతిలో లేదు.

మరి ఎన్నాళ్లు?

మొదటిసారి వచ్చి, పూర్తిగా తగ్గినవారు, తగ్గిన తరువాత కనీసం ఒకటి రెండేళ్లు కొనసాగించాలని సాధారణంగా చెబుతారు. లెక్క మందు మొదలుపెట్టిన నాటి నుంచి కాదు, లక్షణాలు పోయిన నాటి నుంచి. ఒకటికంటె ఎక్కువసార్లు వచ్చినవారికి ఐదేళ్లు, అంతకు మించి, కొందరికి నిరవధికంగా అవసరమవుతుంది. వ్యాధి వచ్చినప్పుడు ఆత్మహత్యా ప్రయత్నం చేసినవారి విషయంలో, ఇతరులకు హాని తలపెట్టినవారి విషయంలో ఆపడానికి తొందరపడకూడదు. తీవ్రజ్వరం వల్లనో, మాదకద్రవ్యం వల్లనో కొద్ది రోజులు మతి తప్పి కోలుకున్నవారికి ఇంత దీర్ఘకాలం అవసరం లేకపోవచ్చు. అందుచేత "ఎన్నాళ్లు" అనే ప్రశ్నకు ముందు "ఏ జబ్బుకు" అనే ప్రశ్న ఉండాలి.

"జీవితాంతం వాడాలి" అని ఒక్క మాటలో తేల్చివేయడం కూడా న్యాయం కాదు. ఈ మందులకు వెల ఉంది. ఒలాంజపిన్ వంటి వాటితో బరువు, రక్తంలో చక్కెర, కొవ్వు పెరుగుతాయి. రిస్పెరిడోన్‌తో ప్రొలాక్టిన్ పెరిగి స్త్రీలలో నెలసరి తప్పవచ్చు. దీర్ఘకాలం వాడినవారిలో కొందరికి పెదవులు, నాలుక తమంతట తాము కదిలే స్థితి వస్తుంది. అది మందు ఆపినా ఒక్కొక్కసారి పోదు. రోగి మాన్పించమని అడిగినప్పుడు అది మొండితనం అనుకోకండి. ఈ మందు తన శరీరానికి ఏమి చేస్తున్నదో అందరికంటె బాగా అతనికే తెలుసు.

నెదర్లాండ్స్‌లో మొదటిసారి వ్యాధి వచ్చినవారిపై జరిగిన అధ్యయనం ఫలితాలు 2013లో వచ్చాయి. మొదట్లో మోతాదు తగ్గించినవారిలో తిరగబెట్టడం ఎక్కువగానే కనిపించినా, ఏడేళ్ల తరువాత చూస్తే వారిలో 40 శాతం మంది పూర్తిగా కోలుకోగా, యథాతథంగా కొనసాగించినవారిలో 18 శాతం మందే కోలుకున్నారు. అది వైద్యలోకంలో పెద్ద ఆశ రేపింది. అయితే 253 మందితో బ్రిటన్‌లో జరిపిన అధ్యయనం 2023లో వెలువడింది. దీర్ఘకాల రోగులలో మోతాదు క్రమంగా తగ్గించినా రెండేళ్లలో వారి సామాజిక జీవనం మెరుగుపడలేదు. తీవ్రంగా తిరగబెట్టడం మాత్రం 13 శాతానికి బదులు 25 శాతం మందిలో జరిగింది. రెండు అధ్యయనాలూ చిన్నవే, రోగులూ వేరువేరు దశలలో ఉన్నవారు. కాబట్టి ఏ ఒక్కదానినో పట్టుకుని మీ ఇంట్లో నిర్ణయం తీసుకోకండి.

చివరి మెట్టు ఎత్తు

"చిన్న మోతాదే కదా" అన్న నా మాటలో శాస్త్రపరమైన పొరపాటు ఒకటుంది. మోతాదును సగం చేస్తే మెదడులో ప్రభావం సగం కాదు. పెద్ద మోతాదు నుంచి కొంత తగ్గించినప్పుడు గ్రాహకాల మీద పట్టు అంతగా సడలదు. చిన్న మోతాదు దగ్గర అంతే తగ్గిస్తే పట్టు ఒక్కసారిగా జారిపోతుంది. పైమెట్లు పొట్టిగా ఉండి, నేలను చేరే చివరి మెట్టు నిలువెత్తు ఉన్న మెట్లబావిని ఊహించుకోండి. ఒక మాత్ర నుంచి సున్నాకు రావడం, నాలుగు మాత్రల నుంచి మూడుకు రావడం వంటిది కాదు. అందువల్లనే తగ్గించే కొద్దీ మెట్లు మరింత చిన్నవిగా, వ్యవధి మరింత ఎక్కువగా ఉండాలి. దీనికి వారాలు చాలవు. నెలలు, ఒక్కొక్కసారి ఏళ్లు పడుతుంది.

తగ్గించదలచినవారికి నేను చెప్పేది ఇది. మానసిక వైద్యునితో కలిసి నిర్ణయించుకోండి. పెళ్లి, పరీక్షలు, ఉద్యోగం మారడం, ప్రసవం వంటి ఘట్టాల ముందు మొదలుపెట్టవద్దు. గర్భం దాల్చానని తెలిసిన వెంటనే భయపడి మానేయవద్దు, వెంటనే వైద్యునికి చెప్పండి. ఇంట్లో ఒకరు నిద్రను గమనించాలి. వరుసగా మూడు రాత్రులు నిద్ర పట్టకపోతే, అనుమానాలు తొంగిచూస్తే, స్నానం, భోజనం తప్పితే, తరువాతి నియామకం దాకా ఆగవద్దు. కొనసాగించేవారు బరువు, నడుము కొలత, చక్కెర, కొవ్వు పరీక్షలు క్రమం తప్పకుండా చేయించుకోవాలి. వైద్యుడు అందుబాటులో లేకపోతే 14416 నంబరుకు ఫోను చేయవచ్చు. టెలిమానస్ అనే ఈ ప్రభుత్వ సేవ తెలుగులోనూ ఉచితంగా అందుతుంది.

తెలియకుండా వాడేవారు

ఈ వర్గపు మందును తమకు తెలియకుండానే ఏళ్ల తరబడి వాడుతున్నవారు మరికొందరున్నారు. గ్యాస్ తగ్గడానికి ఇచ్చే కొన్ని గొట్టాలలో పాంటోప్రజోల్‌తోనో రాబిప్రజోల్‌తోనో కలిపి లెవోసల్పిరైడ్ ఉంటుంది. తలతిరుగుడుకు ఇచ్చే ప్రోక్లోర్‌పెరజిన్ కూడా ఈ కుటుంబానిదే. కొద్ది రోజులకు రాసిన చీటీతో మందుల షాపులో నెలనెలా కొనుక్కుంటూ, చేతులు వణికి, అడుగులు పొట్టివై, పార్కిన్‌సన్స్ వచ్చిందని భయపడి వచ్చిన వృద్ధులను నేను చూశాను. మతిమరుపు వ్యాధి ఉన్న పెద్దలను శాంతింపజేయడానికి ఈ మందులు వాడితే మరణాల ప్రమాదం పెరుగుతుందని 2005లోనే అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది. తప్పనిసరై వాడినా కొద్ది వారాలకొకసారి పునఃపరిశీలించాలి. నిద్ర పట్టడానికి మాత్రమే చిన్న మోతాదులో క్వెటియాపిన్ వాడుతున్నవారు కూడా ఆ అవసరాన్ని వైద్యునితో మళ్లీ చర్చించాలి. వీరందరి విషయంలో "ఇంకెన్నాళ్లు?" అని అడగడంలో ఆలస్యం చేయకూడదు.

తమ్ముడి సంగతి ముగించాలి. తరువాత అతని పెళ్లి జరిగింది. ఈసారి పెళ్లిచూపుల నాడే అతడే స్వయంగా, మాత్రల గొట్టం చూపించి మరీ చెప్పాడు. కొన్నేళ్ల తరువాత వైద్యుని పర్యవేక్షణలో రెండేళ్ల పాటు కొద్దికొద్దిగా తగ్గించారు. చివరి మెట్టు దగ్గర నిద్ర చెదిరింది. మరదలు నాలుగవ రోజునే గుర్తించింది. ఒక మెట్టు వెనక్కు వెళ్లి అక్కడే నిలిచాడు. పెదవులు కదలడం మొదలైనప్పుడు మందు మార్చారు. ఆ కదలిక తగ్గింది గాని పూర్తిగా పోలేదు.

ఇప్పటికీ ఏడాదికొకసారి వైద్యుని అతడే అడుగుతాడు, "ఈసారి ఇంకాస్త తగ్గిద్దామా?" అని. కొన్నేళ్లు తగ్గించారు, కొన్నేళ్లు వద్దనుకున్నారు. ఈ ఏడు మాత్రం, "మనుమరాలి పెళ్లి ఉంది అన్నయ్యా, ఇప్పుడు వద్దులే. వచ్చే ఏడు చూద్దాం" అన్నాడు. నేను ఏమీ అనలేదు. అమ్మ నన్ను అడిగిన ప్రశ్నను ఆనాడే అతడిని అడిగి ఉండవలసింది.