పుట్టను చూసి నేర్చుకుందాం

మా అన్న కొడుకు ఇగ్వానా అనే విదేశీ బల్లిని పెంచాలని నెల రోజులుగా గాజుపెట్టె కడుతున్నాడు. "అత్తా, లోపల మన మైపాడు బీచ్ పెడతా" అని ఇసుక పోసి, గవ్వలు పేర్చి, వెనక సముద్రం బొమ్మ వేశాడు. ముచ్చటగా ఉంది. కానీ ఇగ్వానా చెట్ల మీద బతికే జీవి. తోకతో కలిపి అయిదడుగులు పెరుగుతుంది. దానికి కావాల్సింది ఎత్తు, ఎక్కడానికి కొమ్మలు.

నిన్న సాయంత్రం వాణ్ని సరుగుడు తోపులోకి తీసుకెళ్లి పుట్ట చూపించాను. చెదలు కట్టిన ఆ మట్టిలో చల్లదనం, తేమ, దాక్కునే చీకటి అన్నీ ఉన్నాయి. పాములూ బల్లులూ ఒంటి వేడిని మనలా పుట్టించుకోలేవు. ఎండకూ నీడకూ జరుగుతూ బతుకుతాయి. అందుకే పెట్టెలో ఒక పక్క వెచ్చగా, ఇంకో పక్క చల్లగా, దాక్కునే చోటుతో ఉండాలి. అలంకారం ఆ తర్వాతే.

చట్టం సంగతీ వాడికి చెప్పాను. మన నాగుపాము, జెర్రిపోతు, ఉడుములను పెంచడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. ఇగ్వానా లాంటి విదేశీ జీవులకూ 2022 సవరణ తర్వాత ప్రభుత్వం దగ్గర నమోదు తప్పనిసరి.

వాడు గవ్వలు తీసేశాడు. ఇప్పుడు పెట్టె ఎత్తు పెంచుతున్నాడు. కాగితాల సంగతి తేలాకే ఇగ్వానా అన్నాడు. నాకు చాలా సంతోషమేసింది.