కన్నెమరాలో రెండు రాత్రులు

ఇంకా రైలెక్కలేదు. అప్పుడే ప్రయాణం గురించి వ్రాయబూనడం "ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అన్న చందంగా ఉంటుందని ఎరుగుదును. అయినా పక్షం రోజులుగా మా ఇంట సాగుతున్న సన్నాహమే ఒక ప్రయాణమంత అయింది. అందుచేత ఈ నాలుగు మాటలు.

డిసెంబరు మూడవ వారాంతంలో నేనూ, మా శ్రీమతీ చెన్నపట్నం వెళ్ళదలచాము. శుక్రవారం ఉదయం ఒంగోలులో పినాకిని ఎక్కితే మధ్యాహ్నానికి సెంట్రల్ స్టేషనులో దిగవచ్చు. ఆదివారం మధ్యాహ్నం తిరుగు బండి. నడుమ రెండు రాత్రులు కన్నెమరా హోటలులో బస, మ్యూజిక్ అకాడమీలో కచేరీలు. మా పెళ్ళయి నలభై ఏళ్ళు నిండిన సందర్భమిది.

కన్నెమరా అన్న పేరుతో నాకొక పాత లెక్క ఉన్నది. 1983లో తెలుగు పండిత శిక్షణలో ఉండగా ఒక పుస్తకం కోసం మొదటిసారి మద్రాసు వెళ్ళాను. సెంట్రల్ ఎదుట రిక్షా అతనితో "కన్నెమరా" అన్నాను. అతడు నా పంచెనూ, గుడ్డసంచినీ ఎగాదిగా చూచి, ఏమనుకున్నాడో గాని, మౌంటురోడ్డు పక్కనున్న హోటలు ముందు దింపాడు. వాకిట్లో తలపాగా కట్టుకున్న ద్వారపాలకుడు నా అవస్థ గ్రహించి, "పుస్తకాలదా, పడకలదా?" అని అరవంలో నవ్వుతూ అడిగి, ఎగ్మూరు దారి చూపించాడు. పడకల కన్నెమరాలో నాకు పని పడుతుందని ఆనాడు కలలో కూడా అనుకోలేదు.

రెండింటికీ పేరు ఒక్కరిదే. 1886 నుండి 1890 వరకు మద్రాసు గవర్నరుగా ఉన్న కన్నెమరా ప్రభువు గ్రంథాలయానికి 1890లో శంకుస్థాపన చేశాడు. అది 1896 డిసెంబరులో తెరుచుకొన్నది. 1954 నాటి చట్టం ప్రకారం దేశంలో అచ్చయ్యే ప్రతి పుస్తకానికీ ఒక ప్రతి అక్కడికి చేరవలెను. హోటలు ఆ చోట అంతకుముందే వేరు పేర్లతో ఉన్నదే. తరువాత ఆ ప్రభువు పేరు పెట్టుకొన్నది. 1970లలో సింహళ వాస్తుశిల్పి జెఫ్రీ బావా దానికి కొత్త రూపు దిద్దాడు. ఇదంతా చెబుతూ ఉంటే మా శ్రీమతి, "కన్నెమరా అంటే కన్నె మారిందనా అర్థం?" అని అడిగింది. ఐర్లండులో ఒక సీమ పేరని చెప్పాను. "నా అర్థమే బాగుంది" అన్నది.

ఇక అసలు సంగతి. ఆమె పెళ్ళికి ముందు తొమ్మిదేళ్ళు సంగీతం నేర్చుకొన్నది. పెళ్ళయిన తరువాత నా బదిలీలు, పిల్లల చదువులు, మా అమ్మగారి మంచం. తంబురా అటక మీదికి చేరింది. మార్గశిరంలో ఒక్కసారి మద్రాసు కచేరీలు వినవలెనని ఆమె కోరిక. "వచ్చే ఏడు చూద్దాం" అన్నది నా జవాబు. అట్లా ముప్పైతొమ్మిది వచ్చే ఏళ్ళు గడిచాయి.

నిరుడు ఆమె చెవులకు పరీక్ష జరిగింది. వయసుతో వచ్చే వినికిడి లోపమన్నారు. ఇందులో ముందుగా పోయేవి హెచ్చు శ్రుతి ధ్వనులట. మాటలో ఆ ధ్వనులు స, శ, త వంటి హల్లులలో ఉంటాయట. అచ్చులు నిలుస్తాయి, హల్లులు జారిపోతాయి. మన వ్యాకరణంలో అచ్చులను ప్రాణములనీ, హల్లులను ప్రాణులనీ అంటారు. ప్రాణాలు నిలిచి ప్రాణులు పోవడం నేనే వ్యాకరణంలోనూ చదువలేదు. చెవి మిషను పెట్టించాము. అది కొంత మేలు చేసింది. "రాగం వినబడుతోందండీ, సాహిత్యమే అందడం లేదు" అన్నది ఆమె. త్యాగయ్య పాటలో మాట అందకపోతే మిగిలేది సగమే అని పండితుణ్ణి నాకు ఒకరు చెప్పనక్కరలేదు. ఆ రోజే అబ్బాయికి ఫోను చేశాను. ఈ ఏడే వెళ్ళాలన్నాను.

నేను వేసిన మొదటి ప్రణాళిక పాఠ్యప్రణాళిక వలె ఉన్నది. రోజుకు మూడు కచేరీలు. గ్రంథాలయం. త్యాగయ్యగారు బస చేసిన జార్జిటౌను బందరు వీధి. ఆయన సుందరేశ్వరుని మీద పంచరత్నాలు కట్టిన కోవూరు. మన పెన్న ఒడ్డు కోవూరు కాదు, పట్నం దగ్గరిది. ఆదివారం తెల్లవారుజామున మైలాపూరు మాడవీధులలో ధనుర్మాస భజన. ఆమె కాగితం చదివి, ఎర్రసిరా కలం అడిగి పుచ్చుకొని, మూడు వంతులు కొట్టివేసింది. జీవితమంతా నేను ఇతరుల కాగితాల మీద చేసిన పని అది!

మిగిలినవి శుక్రవారం సాయంత్రం ఒక పెద్ద కచేరీ, శనివారం మధ్యాహ్నం పిల్లల కచేరీ. మధ్యాహ్నపు కచేరీలకు టిక్కెట్టు ఉండదు. జనం పలచగా ఉంటారు కనుక ముందు వరుసలో కూర్చుంటే పాడేవారి పెదవులు కనబడతాయన్నది ఆమె ఆలోచన. అద్దె లెక్క విన్నప్పుడు మాత్రం ఉలిక్కిపడింది. రెండు రాత్రులకు నా నెల పింఛనులో సగం దాకా అవుతుంది. మైలాపూరులో చిన్న లాడ్జి చాలదా అన్నది. చెవి మందగించినవారు గంటసేపు శ్రద్ధగా వింటే పొలం పని చేసినంత అలసిపోతారని వైద్యుడు చెప్పిన మాట గుర్తుచేశాను. కచేరీకీ కచేరీకీ నడుమ ఆమెకు కావలసింది నిశ్శబ్దం. వీధి మీది లాడ్జిలో అది దొరకదు. అకాడమీకి అరగంట లోపు దూరంలో, మందపాటి గోడల నడుమ నేను కొంటున్నది పరుపును కాదు, నిశ్శబ్దాన్ని. అబ్బాయి సగం తానిస్తానన్నాడు. అప్పటికి ఒప్పుకొన్నది. ఆ వాకిలి ఈసారి తిన్నగా దాటవలెనన్న ముచ్చట నాకూ లేకపోలేదు గాని, అది ఆమెకు చెప్పలేదు.

సాహిత్యం మాటేమిటి? కచేరీలో ఏ పాట పాడతారో సాధారణంగా ముందుగా చెప్పరు. మనకు దక్కిన త్యాగరాజ కృతులే ఏడువందల వరకు ఉన్నవి. అందులో తరచుగా పాడే అరవైనాలుగు ఏరి, పలక మీద వ్రాసినంత పెద్ద అక్షరాలతో, పుటకొక పాటగా ఒక నోటుపుస్తకంలో వ్రాశాను. అకారాది క్రమంలో పెట్టి, సూచిక కూడా జతచేసి, గర్వంగా ఆమె చేతిలో ఉంచాను.

ఆమె రెండు పుటలు తిరగవేసి నవ్వింది. "అకారాది పట్టుకోవాలంటే మొదటి మాట వినబడాలి కదండీ. వినబడనిదే ఆ మాట! రాగాల వారీగా పెట్టండి. ఆలాపనలోనే రాగం తెలుస్తుంది. పాట ఎత్తుకొనేలోగా నేను పుట తీసిపెట్టుకొంటాను."

ముప్పైఆరేళ్ళు పాఠం చెప్పినవాణ్ణి, ఎవరికోసం వ్రాస్తున్నానో వారి చెవితో ఒక్కమారైనా ఆలోచించలేదు. మరి ఆలాపన లేకుండా నేరుగా ఎత్తుకొనే పాటల సంగతేమిటని అడిగాను. "మొదటి మాట మీరు పట్టుకొని పుట చూపండి. ఆ మాత్రం చెయ్యలేరూ?" అన్నది.

అందుకని పుస్తకం విప్పి, రాగాల వారీగా మళ్ళీ కుట్టాము. కల్యాణి, కాంభోజి, తోడి, ఖరహరప్రియ. ఒక్కొక్కదానికి ఒక్కొక్క రంగు కాగితపు చెవి అంటించింది ఆమె. పుస్తకం పనికివస్తుందో లేదో పరీక్షించడానికి సాయంకాలాలు సాధన పెట్టుకొన్నాము. ఆమె రాగం తీస్తుంది. నేను పుట తీయాలి. మొదటిరోజు నాకు పదికి మూడు మార్కులు వచ్చాయి.

నిన్న దీపం పెట్టిన తరువాత ఆమె ఖరహరప్రియ అందుకొన్నది. గొంతు కొంచెం వణికింది, తరువాత నిలిచింది. నేను పుట తీయడం మరచి వింటూ కూర్చున్నాను. ఈ నలభై ఏళ్ళలో ఆమెను ఒక పాట పాడమని నేను అడిగిన జ్ఞాపకం లేదు. చెవి బాగున్నవాడు విననిది కూడా వినికిడి లోపమే కాబోలు.

ప్రయాణం ఇంకా పది రోజులున్నది. గొడుగు సర్దుకోవాలి, డిసెంబరులో పట్నాన్ని వాన నమ్మరాదు. చెవి మిషనుకు బ్యాటరీలు రెండు జతలు పెట్టుకోవాలి. సాయంత్రాలు మాత్రం ఖాళీ లేవు. మా ఇంట పంతులు మారాడు; నాకు పాఠం ఉన్నది.